118 గదుల పాత హోటల్ ఖాళీ చేయాలి: సామానంతా గంపగుత్తగా ఇచ్చేయాలా, విడివిడిగా అమ్మాలా?

తాళాలగుత్తి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుతూ వచ్చానే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు తెలిసినవాళ్ల మాట కావాలి.

ఒక పెద్ద పాత హోటల్లో హౌస్‌కీపింగ్ నా చేతిలో ఉంది. పరుపులు దులిపే పనిలో చేరాను, గత 22 ఏళ్లుగా ఆ విభాగాన్ని నేనే నడిపిస్తున్నాను. హోటల్ మూసేశారు, భవనం అమ్ముడుపోయింది. కొన్నవాళ్లకు 60 రోజుల్లో ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి. "ఏ గదిలో ఏముందో మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు, మీరే చూడండి" అని ఓనర్ గారు ఈ పని నాకు అప్పజెప్పారు.

నాలుగు అంతస్తులు, 118 గదులు. మంచం, దాని తలచెక్క, అల్మారా, రాసుకునే బల్ల, వాలుకుర్చీ మొదలుకొని దీపాలు, అద్దం, పెట్టె పెట్టుకునే స్టాండు దాకా గదికి 22 వస్తువులు. అంటే బాత్రూమ్ సామాను కలపకుండానే 2,596. ఇవి కాక భోజనాల హాలు, విందుల హాలు, కిచెన్, లాండ్రీ ఉన్నాయి. మెట్ల మీద పెద్ద షాండ్లియర్ ఉంది. లాబీలో గ్రాండ్ పియానో, రిసెప్షన్ వెనక గది తాళాలు తగిలించే చెక్క అర ఉన్నాయి.

పాత సామాను కొనే ఒకాయన వచ్చి రెండు గంటలు తిరిగి, మొత్తం గంపగుత్తగా తీసుకుంటానని ఒక మాట చెప్పారు. ఆయన రెండో అంతస్తు దాటి పైకి ఎక్కనే లేదు. ఓనర్ గారు ఒప్పుకునేలా ఉన్నారు, ఆయనకు ఈ తలనొప్పి తీరిపోతే చాలు. నాకు మాత్రం మనసొప్పడం లేదు.

ప్రతి గది తలుపుకూ ఒక ఇత్తడి నంబర్ పలక ఉంటుంది. వారం వారం పాలిష్ పెట్టి రుద్దీ రుద్దీ అంకెల అంచులు అరిగిపోయాయి. 214లో 2 మీద వేలు పెట్టి చూస్తే అంకె ఉన్నట్టే తెలియదు, కంటికి మాత్రం కనిపిస్తుంది. ఆ పలకలు కూడా తూకానికి వెళ్లిపోతాయంటే రాత్రి నిద్ర పట్టలేదు.

నేను అడగాల్సింది ఇదీ. 60 రోజుల్లో విడివిడిగా అమ్మడం అయ్యే పనేనా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

మూడోసుత్తి

నేను వేలం సంస్థలో కేటలాగ్ పని చేస్తాను. పెద్ద హోటళ్లు సామాను వేలం పాటకు పెట్టడం కొత్తేమీ కాదండి. లండన్‌లో సెవాయ్ హోటల్ 2007 డిసెంబర్‌లో మరమ్మతుల కోసం మూసినప్పుడు బాన్‌హామ్స్ వేలం సంస్థ దాదాపు 3,000 లాట్లు పాట పెట్టింది. లాట్ అంటే ఒక్క పాటలో అమ్మే వస్తువు, లేదా కలిపి కట్టిన కొన్ని వస్తువులు. ప్యారిస్‌లో 2013లో క్రియోన్ హోటల్, 2018 ఏప్రిల్‌లో రిట్జ్ హోటల్ ఆర్ట్‌క్యూరియల్ అనే వేలం సంస్థ ద్వారా ఇలాగే అమ్మాయి. రిట్జ్‌లో సుమారు 10,000 వస్తువుల్ని 3,400 లాట్లుగా కట్టి అయిదు రోజులు పాట నడిపారు. అనుకున్నదానికి ఎన్నో రెట్లు వచ్చింది.

కానీ అక్కడ జనం కొన్నది కుర్చీని కాదు, ఆ కుర్చీకి ఉన్న పేరుని. మీ హోటల్‌కు ఊరిలో ఎంత పేరున్నా బయటివాళ్లకు తెలియకపోతే మంచం మంచంలాగే పలుకుతుంది. అందుకని అంతా వేలానికి పెట్టకండి. షాండ్లియర్, పియానో, తాళాల అర, లాబీ సామాను, పాత అద్దాలు, బాగున్న తివాచీలు ఏరితే 60, 80 లాట్లు వస్తాయేమో. అవి మాత్రం పాటకు ఇవ్వండి. సంస్థ మీ దగ్గర ఎంత కమిషన్ తీసుకుంటుందో, కొన్నవాళ్ల మీద పాట ధరకు పైన ఎంత వేస్తుందో, ఫొటోలకూ రవాణాకూ విడిగా పట్టుకుంటారో లేదో సంతకానికి ముందే రాయించుకోండి. పాట ధర చూసి సంతోషపడి చేతికొచ్చిన డబ్బు చూసి బాధపడేవాళ్లను ప్రతిసారీ చూస్తాను.

ఖాళీగది

తాళాలగుత్తి గారూ, నేను చేసేది ఇదే పని. హోటళ్లు, హాస్టళ్లు, క్లబ్బులు ఖాళీ చేయిస్తుంటాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట: ఆ గంపగుత్త ఆయన చెప్పిన ధర తప్పో ఒప్పో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆయన పైకి ఎక్కనే లేదు, మీ దగ్గర లెక్క లేదు. లెక్క లేకుండా బేరానికి కూర్చుంటే నెగ్గేది అవతలివాళ్లే. ఓనర్ గారిని పది రోజులు ఆగమని అడగండి. ఆ పది రోజుల్లో ఒక్కటి కూడా అమ్మొద్దు, లెక్కే రాయండి.

లెక్క గది గదికీ రాయాలి. "కుర్చీలు 118" అని రాస్తే దానితో పనేమీ జరగదు. 305లో కుర్చీ, ఎడమ కాలు వదులు, బట్ట బాగుంది, ఫొటో. ఇలా రాయాలి. ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి, ఇంకొకరు చీటీ కట్టాలి. ముగ్గురికి గదికి పావుగంట పడుతుంది. చీటీ మీద గది నంబర్ తప్పకుండా ఉండాలి, కొన్నవాళ్లు సామాను ఎత్తేటప్పుడు తగువు వస్తే అదే సాక్ష్యం.

లెక్క రాస్తున్నప్పుడే మనవి కానివి తేలతాయి. ఈ దశను చాలామంది దాటేసి తర్వాత చిక్కుల్లో పడతారు. కాఫీ మెషీన్లు, లాండ్రీ మెషీన్లు, ఫొటోకాపీ మెషీన్, కొన్నిచోట్ల టీవీలు కూడా అద్దెవి అయి ఉంటాయి. గోడ మీద బొమ్మలు ఎవరో చూపించడానికి ఇచ్చినవి కావచ్చు. బ్యాంకు అప్పుకు సామాను తాకట్టులో ఉండొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, భవనం అమ్మిన కాగితాలు తెప్పించి చదవండి. గోడకు బిగించిన అల్మారాలు, చెక్క ప్యానెళ్లు, తలుపులు, స్నానపు తొట్లు, ఒక్కోసారి షాండ్లియర్ కూడా భవనంతో పాటే కొన్నవాళ్లకు పోతాయి. రక్షిత భవనమైతే లోపలివి కూడా కదపకూడదని ఉండొచ్చు. మూడోసుత్తి గారు షాండ్లియర్ పాటకు పెట్టమన్నారు, మంచి సలహానే. కానీ అది మీ ఓనర్ గారిదేనని కాగితం మీద తేలాకే నిచ్చెన వేయించండి.

ఇప్పుడు మీ ప్రశ్న, 60 రోజుల్లో అవుతుందా అని. అమ్మడం అవుతుంది. కిందికి దించడంలోనే అందరూ ఇరుక్కుంటారు. మీ లెక్కే తీసుకుందాం. గదికి మంచం, తలచెక్క, అల్మారా, బల్ల, వాలుకుర్చీ, ఈ అయిదూ పెద్దవి. 118 గదులకు 590. లిఫ్ట్‌లో రెండేసి పడితే 295 ట్రిప్పులు. మిగతా 17 చిన్నవి, మొత్తం 2,006. ఎనిమిదేసి చొప్పున మరో 251. అన్నీ కలిపి 546 ట్రిప్పులు. ఎక్కించి, దించి, ఖాళీ లిఫ్ట్ మళ్లీ పైకి రావడానికి ఎనిమిది నిమిషాలు వేసుకున్నా దాదాపు 73 గంటలు. రోజుకు 8 గంటల లెక్కన 9 రోజులు. ఇది గదుల సామానుకే, అదీ లిఫ్ట్ ఒక్కసారి కూడా మొరాయించకపోతే. అందుకని అమ్మకం మొదలవక ముందే లిఫ్ట్ మెకానిక్‌తో చూపించుకోండి. లోపలి గోడలకు ప్లైవుడ్, దుప్పట్లు కట్టించండి. ఎవరు ఏ రోజు ఏ గంటకు ఎత్తుకెళ్లాలో కొన్న రోజునే రసీదు మీద రాసివ్వండి.

అమ్మకంలో పెద్ద హోటళ్లు కూడా వాడే పద్ధతి ఒకటుంది. 2015లో లాస్ వేగాస్‌లో రివియేరా హోటల్ మూతపడ్డాక అలాగే చేశారు. ప్రతి వస్తువుకూ ధర చీటీ కట్టి, తలుపులు తెరిచి జనాన్ని రానిస్తారు. వచ్చినవాళ్లు నచ్చింది చూసుకుని డబ్బు కట్టి తీసుకెళ్తారు. మీకూ అదే నయం. కానీ మొదటి రోజే నాలుగు అంతస్తులూ తెరవకండి. ఒక అంతస్తు తెరిచి, అది ఖాళీ అయ్యాక తాళం వేసి, ఇంకోటి తెరవండి. నేనైతే నాలుగో అంతస్తుతో మొదలుపెడతాను. లిఫ్ట్ బాగున్నప్పుడే, పనివాళ్ల ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే పైవి దిగిపోవాలి.

నా మొదటి హోటల్లో ఈ సంగతి తెలియక అన్నీ ఒకేసారి తెరిచాను. సాయంత్రానికి నలభై అల్మారాలకు పిడులు లేవు. సొరుగులు వేరే గదుల్లో తేలాయి. ఒకే బల్లను రెండు చీటీల మీద ఇద్దరు కొన్నారు, ఇద్దరి దగ్గరా రసీదులున్నాయి. అప్పట్నుంచి అంతస్తుకు ఒక మనిషి, గేటు దగ్గర ఇద్దరు, రసీదు చూపించి గేట్ పాస్ రాయించుకోనిదే దిండు కూడా బయటికి కదలదు. "ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటు నుంచి" అమ్ముతున్నామని పెద్ద అక్షరాలతో గోడ మీద పెట్టండి. విప్పడం, మోయడం, రవాణా కొన్నవాళ్లదే. డబ్బు మొత్తం కట్టాకే వస్తువు ముట్టుకోవాలి. బయానా ఇచ్చి వెళ్లినవాళ్ల కోసం గది కాపలా కాయడం మీ వల్ల కాదు.

మంచి వస్తువుల్ని అటకెక్కించకండి. పాటకు పెట్టినవాటిని లాబీలోనే ఉంచితే వాటిని చూడటానికి వచ్చినవాళ్లే పైకెక్కి అల్మారాలు కొంటారు. చిన్న హోటళ్లు, హాస్టళ్లు నడిపేవాళ్లకు విడిగా ఫోన్ చేయండి. వాళ్లకు పది గదుల సామాను ఒకేలా కావాలి, అది మీ దగ్గర తప్ప దొరకదు. కిచెన్‌లో స్టీల్ బల్లలు, పొయ్యిలు, పెద్ద గిన్నెలు అన్నిటికన్నా ముందు పోతాయి, వాటి గురించి బెంగ అక్కర్లేదు. గ్యాస్, కరెంటు కనెక్షన్లు మాత్రం తెలిసినవాళ్లతోనే తీయించండి.

పరుపులకు పెద్దగా ఆశ పెట్టుకోకండి. వాడిన పరుపుల అమ్మకం మీద చాలాచోట్ల నిబంధనలున్నాయి, పైగా కుట్ల సందుల్లో ఒక్క నల్లి కనిపించినా మిగతా సామాను కూడా ఎవరూ ముట్టరు. నేలకు అంటించిన కార్పెట్‌కూ ధర రాదు. గదుల్లో చప్పుడు చేయని చిన్న ఫ్రిజ్‌లు ఉంటే సుత్తితో కొట్టనివ్వకండి, ఆ రకంలో అమ్మోనియా ఉంటుంది. పాత డబ్బా టీవీల గాజులో సీసం ఉంటుంది. ఇవి రెండూ ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే వెళ్లాలి.

చివరగా, అతిథుల రిజిస్టర్లు. వాటిలో మనుషుల పేర్లు, చిరునామాలు, గుర్తింపు కాగితాల నంబర్లు ఉంటాయి. పాత కాగితాలతో కలిపి తూకానికి ఇవ్వొద్దు. చట్టం ప్రకారం దాచాల్సినవి ఓనర్ గారు దాచుకోవాలి, గడువు తీరినవి మీ కళ్ల ముందే చింపించాలి. బాగా పాతవైతే ఆర్కైవ్స్ వాళ్లను అడగండి. గదుల్లో లాకర్లు కూడా ఒక్కొక్కటీ తెరిచి చూశాకే అమ్మండి.

తాళాలగుత్తి

ఖాళీగది గారూ, చేతులెత్తి దండం పెడుతున్నాను. లిఫ్ట్ లెక్క కాగితం మీద వేసి ఓనర్ గారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి "పది రోజులు తీసుకోండి" అన్నారు. లెక్క మొదలైంది, నాలుగో అంతస్తు అయిపోయింది.

ఒక సందేహం. చాలా గదుల్లో రాసుకునే బల్లలు పైకి ఒకేలా ఉన్నాయి. 407లో సొరుగు లాగితే అడుగున సుద్దతో రాసిన అంకె కనిపించింది. పక్క గదిలో బల్లకు అది లేదు. ఏవి పాతవో, ఏవి తర్వాత చేయించినవో ఎలా తెలుస్తుంది? కొన్ని రోజ్‌వుడ్ అని ఎప్పట్నుంచో చెప్పుకుంటారు. భోజనాల హాల్లో కొన్ని కత్తుల పిడులు ఏనుగు దంతమని కూడా అంటారు.

రంపంపొట్టు

పాత ఫర్నిచర్ బాగుచేయడం నా పని. పై భాగం చూసి మోసపోకండి, పై భాగానికి ఎన్నిసార్లయినా పాలిష్ పడి ఉంటుంది. సొరుగు పూర్తిగా బయటికి తీసి బోర్లా తిప్పండి. పాతదైతే అడుగు చెక్క పాలిష్ లేకుండా, గాలికి రంగు మారి ఉంటుంది. పక్కచెక్క ముందుచెక్కను కలిసే మూలలో డవ్‌టెయిల్ జాయింట్ చూడండి, అంటే పావురం తోకలా విచ్చుకున్న పళ్లు ఒకదాంట్లో ఒకటి దిగే అతుకు. చేత్తో కోసినవైతే పళ్లు అన్నీ ఒక్క కొలతలో ఉండవు, గీత గీసిన గుర్తు సన్నగా కనిపిస్తుంది. మెషీన్‌వైతే అచ్చు గుద్దినట్టు ఉంటాయి. సొరుగు నడిచే పట్టీలు అరిగి పల్లం పడ్డాయా చూడండి. ఏళ్ల తరబడి లాగితే తప్ప ఆ అరుగుదల రాదు, దొంగతనంగా తెప్పించడం కష్టం. వెనక ప్లైవుడ్ ఉందా, పలకలున్నాయా, మరలు నక్షత్రం గాడివా, ఒకే గీతవా అన్నది కూడా చూడండి. ఏ ఒక్క గుర్తుతోనూ తేల్చకండి, మూడు నాలుగు కలిస్తేనే నమ్మండి. మీ సుద్ద అంకె చాలావరకు వడ్రంగి వేసుకున్న వరస గుర్తు అయి ఉంటుంది, ఏ సొరుగు ఏ బల్లదో తెలియడానికి. దాన్ని తుడవొద్దు, ఫొటో తీయండి.

రోజ్‌వుడ్, దంతం విషయంలో జాగ్రత్త. అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి దాని మొదటి జాబితాలో ఉంది, 2017లో దాదాపు మిగతా రోజ్‌వుడ్ జాతులన్నీ రెండో జాబితాలో చేరాయి. దేశం దాటించాలంటే అనుమతులు కావాలి. దంతం మీద కొన్ని దేశాల్లో లోపల అమ్మకానికి కూడా నిషేధం ఉంది. తెలిసినవాళ్లు చూసి తేల్చేదాకా ఆ కత్తుల్ని లెక్కలో రాసి పక్కన పెట్టేయండి. చీటీ మీద "రోజ్‌వుడ్" అని మీరై మీరు రాయకండి, "ముదురు రంగు కలప" అంటే చాలు.

పైన పాలరాతి పలక ఉన్న బల్లలుంటే ఒక మాట. రాతిని పడుకోబెట్టి మోస్తే దాని బరువుకే మధ్యలో విరుగుతుంది. తలుపును మోసినట్టు అంచు మీద నిలబెట్టి మోయాలి. అద్దాలూ అంతే. షాండ్లియర్ మీదేనని తేలితే, కరెంటు తీయించాక, ప్రతి కొమ్మకూ నంబర్ కట్టి, ఆ కొమ్మ గాజుల్ని అదే నంబర్ సంచీలో వేయండి. అన్నీ ఒక్క పెట్టెలో పోస్తే మళ్లీ కట్టేవాళ్లు దొరకరు.

తాళాలగుత్తి

లెక్క నిన్న పూర్తయింది. మనవి కానివి 31 తేలాయి, రెండు లాండ్రీ మెషీన్లతో సహా. భవనం కాగితాల ప్రకారం షాండ్లియర్ కొన్నవాళ్లదే. మూడోసుత్తి గారు చెప్పిన వరసలో పాటకు 64 ఏరాం. ఆ గంపగుత్త ఆయన మళ్లీ వచ్చారు. లెక్క పుస్తకం ముందు పెడితే, పుటలు తిప్పి తిప్పి, మొదట చెప్పిన ధరకు దాదాపు రెట్టింపు చెప్పారు. ఓనర్ గారు ఒప్పుకోలేదు. మిగిలింది చివర్లో మాట్లాడుకుందామన్నారు. ఎల్లుండి నాలుగో అంతస్తు తెరుస్తున్నాం.

తలుపులు భవనంతో వెళ్లిపోతాయి, నంబర్ పలకలు మాత్రం తీసుకోవచ్చని భవనం కొన్నవాళ్లు రాతపూర్వకంగా ఇచ్చారు. ముందు సిబ్బందికి, తర్వాత అడిగిన పాత అతిథులకు ఇవ్వమన్నారు ఓనర్ గారు. 214 నేను అడిగి తీసుకున్నాను. ఈ రోజు పొద్దున దాన్ని విప్పబోతే మరలు కదల్లేదు. గాడి నిండా ఏళ్ల నాటి పాలిష్ తెల్లగా గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్ జారి పలక మీద చిన్న గీత పడింది, ఆపేశాను. రంపంపొట్టు గారూ, ఏం చేయమంటారు?

రంపంపొట్టు

ఆపడం మంచిదైంది. ముందు గుండుసూదితో గాడిలోని పాలిష్ అంతా తవ్వి తీయండి, తర్వాత పాత టూత్‌బ్రష్‌తో దులపండి. ఒక్క చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేయండి. గాడి పొడవుకూ మందానికీ సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ తీసుకోండి, సన్నది వాడితే మళ్లీ జారుతుంది. పలకకు చుట్టూ టేప్ అంటించండి. మొదట వదులు చేసే వైపు తిప్పకండి, బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పండి. టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. అప్పుడు వెనక్కి తిప్పితే వచ్చేస్తుంది. ఇత్తడి మరలు మెత్తన, బలం పెడితే తల ఊడి ఒళ్లు తలుపులో ఉండిపోతుంది. వచ్చిన నాలుగు మరల్నీ ఒక కవర్‌లో వేసి పలక వెనకే అంటించండి, మళ్లీ బిగించేటప్పుడు అవే కావాలి.